వార్చి వండితేనే కంద ముద్ద

హరిశ్చంద్రపురం: కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. కందకు, కత్తిపీటకు సంగతి ఎలా ఉన్నా, సరిగా వండని కంద తిన్నవారి గొంతుకు మాత్రం దురద తప్పదు. అదే కంద చేయి తిరిగిన ఇల్లాలి చేతిలో పడితే వెన్నలాంటి ముద్దకూర అవుతుంది. వేడి అన్నంలో కలుపుకుంటే మరో కూర అడగబుద్ధి కాదు. ఈ రెండింటికీ మధ్య తేడా నూనెలో లేదు, మసాలాలో లేదు. కంద ఉడికిన నీటిని వార్చి పారబోయడంలో ఉంది.

పాతకాలపు ఈ వార్పు సంగతి ఇప్పుడు మళ్లీ చెప్పుకోవలసిన అవసరం వచ్చింది. హరిశ్చంద్రపురం, టెక్కలి, నౌపడా ప్రాంతాల వారికి ఉద్దానంతో పిల్లనిచ్చి పుచ్చుకునే బంధుత్వాలు ఎక్కువ. ఆ ఉద్దానంలో 1990 దశకం నుంచి కిడ్నీ వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. జబ్బు ముదిరిన వారికి డాక్టర్లు దుంపలు తగ్గించమని చెబుతారు. ఆ మాట విని ఇంటికి వచ్చాక ఏ దుంప, ఎంత, ఎలా వండాలన్నది తేలవలసింది వంటింట్లోనే. గొంతు దురద కోసం మన పెద్దలు నేర్పిన వార్పే ఈనాడు కిడ్నీ రోగి పళ్లెంలో చేటును తగ్గించే పద్ధతి కూడా కావడం విశేషం.

కొబ్బరి నీడన కంద

కందకు తెల్లారినది మొదలు పొద్దుగూకే వరకు ఎండ అక్కరలేదు. పలుచని నీడ ఉన్నా చక్కగా పెరుగుతుంది. అందుకే కొబ్బరి తోటల్లో అంతర పంటగా దీనికి పేరు. వేసవి చివర, తొలకరి వానల సమయంలో విత్తనపు దుంపను ముక్కలుగా కోసి నాటుతారు. ఒక్కో ముక్కకు మొలక వచ్చే కన్ను భాగం కొంతైనా ఉండాలి. ఏడెనిమిది నెలలకు ఆకు పండి, కాడ వాలిపోతుంది. అప్పుడు తవ్వితే సంక్రాంతి నాటికి దుంప ఇంటికి వస్తుంది. నేల బలాన్నిబట్టి, నాటిన ముక్క పరిమాణాన్నిబట్టి ఒక్కో దుంప రెండు మూడు కిలోల నుంచి ఎనిమిది పది కిలోల వరకు తూగుతుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టం చేసింది. నాటు కొబ్బరి మొక్క తిరిగి నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అలా కొత్తగా నాటుకున్న తోటల్లో, మొక్క ఎదిగే లోపల నాలుగు డబ్బులు చూపించగల పంటల్లో కంద ఒకటి. దుంప మట్టిలో దాగి ఉంటుంది గనుక గాలికి ఆకు చిరిగినా దుంప నిలుస్తుంది. కంద ఈ ప్రాంతానికి రుచి మాత్రమే కాదు, ఆదరువు కూడా. అందుచేత దాన్ని చూసి భయపడి మానేయడం కన్నా, వండే తీరు తెలుసుకోవడం మేలు.

పోలాల అమావాస్య నాడు మన ఆడపడుచులు పిలకలున్న కంద మొక్కను పెట్టి, పిల్లల క్షేమం కోరి పూజ చేయడం తెలిసిందే. తల్లి దుంప చుట్టూ పిల్ల దుంపలు పుట్టుకొచ్చే మొక్క కావడమే ఆ పూజకు కారణమని పెద్దలు చెబుతారు. పెళ్లి విందులో కంద బచ్చలి వడ్డిస్తే ఆ విందుకు నిండుదనం. పూజలోను, విందులోను ఇంత పెద్దపీట ఉన్న దుంప మరొకటి మనకు లేదు.

దురద ఎందుకు?

కంద దుంపలో కంటికి కనిపించనంత సన్నని, సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. ఇవి కాల్షియం ఆక్సలేటు అనే పదార్థంతో ఏర్పడినవి. పచ్చి కంద తగిలినప్పుడు చేతులు దురద పెట్టడానికి, సరిగా ఉడకని కంద తిన్నప్పుడు నాలుక, గొంతు గీరడానికి ఇవే కారణం. చేమలోను ఇవే ఉంటాయి. బాగా మెత్తగా ఉడికించడం, చివరకు పులుపు తగిలించడం వల్ల ఈ బాధ తగ్గుతుంది. దుంపలో నీటిలో కరిగే ఆక్సలేటు కూడా కొంత ఉంటుంది. అది ఉడికిన నీటిలోకి దిగుతుంది. ఆ నీటిని పారబోస్తే దానితోపాటు పోతుంది.

అన్ని కందలూ ఒకే తీరున దురద పెట్టవు. అడవిలో దొరికే కంద దురద ఎక్కువ. తోట కందలో దురద తక్కువ. కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం ఎంపిక చేసి ఇచ్చిన గజేంద్ర రకం దురద బాగా తక్కువగా ఉండి కూరకు పేరు పొందింది. తవ్విన నాడే వండేకన్నా, కొన్నాళ్లు నీడన గాలి తగిలేలా ఆరబెట్టిన దుంప రుచిగా ఉంటుందని, దురద కూడా తక్కువని గృహిణుల అనుభవం.

కోసే ముందు

దుంపకున్న మట్టి కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడవాలి. చేతులకు నూనె రాసుకుని కత్తిపీట ముందు కూర్చోవాలి. తడి చేతులతో కోస్తే దురద ఎక్కువవుతుంది. చెక్కు పలుచగా కాక మందంగా తీయాలి. లోపలి కండ గులాబి రంగులో గాని, పసుపు పచ్చగా గాని గట్టిగా ఉండాలి. మెత్తబడిన చోట, నల్లబడిన చోట కోసి పారేయాలి. కోశాక చేయి దురద పెడితే చింతపండు గుజ్జు రుద్దుకుని కడుక్కోవాలి.

అయిదారుగురికి చెక్కు తీసిన కంద అరకిలో, తీగబచ్చలి ఒక పెద్ద కట్ట, నిమ్మకాయంత చింతపండు, నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు చెంచాల ఆవాలు, నాలుగు ఎండుమిరపకాయలు, అరకప్పు చిక్కటి కొబ్బరిపాలు చాలు. పసుపు, ఉప్పు, నూనె, పోపు దినుసులు ఇంట్లో ఉండేవే.

ముద్ద చేసే తీరు

కందను చిటికెన వేలి మందాన చిన్న ముక్కలు చేయాలి. ముక్క చిన్నదైతే లోపలి సారం త్వరగా నీటిలోకి దిగుతుంది, సమంగా ఉడుకుతుంది. పెద్ద గిన్నెలో కందకు నాలుగైదు రెట్లు నీరు పోసి మరిగించాలి. ముక్కలు, చిటికెడు పసుపు వేసి పది నిమిషాలు ఉడకనివ్వాలి. ముక్క సగం ఉడికేసరికి గంజి వార్చినట్లు సిబ్బి పెట్టి నీరంతా వార్చాలి. ఇది మొదటి వార్పు.

పక్క పొయ్యి మీద కాగుతున్న వేరే నీటిని మళ్లీ నిండుగా పోసి, ముక్కను వేళ్ల మధ్య నొక్కితే చితికేదాకా ఉడికించాలి. రకాన్నిబట్టి పావుగంట, ఇరవై నిమిషాలు పట్టవచ్చు. మళ్లీ వార్చాలి. ఇది రెండో వార్పు. దురద లేని రకమై, ఇంట్లో అందరూ ఆరోగ్యవంతులైతే ఒక్క వార్పుతో సరిపెట్టుకోవచ్చు. దురద కంద అయినా, ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నా రెండు వార్పులూ తప్పనిసరి.

దురద పోతుందని చింతపండు పులుసు మొదట్లోనే పోసేవారు కద్దు. పులుపు ముందే తగిలితే ముక్క త్వరగా మెత్తబడదు. చితకని ముక్కలో దురదా మిగులుతుంది, ముద్దా పలుకులుగా వస్తుంది. అందుచేత కంద పూర్తిగా ఉడికాకే పులుపు.

వార్చిన వెంటనే ఖాళీ గిన్నెను సన్నని సెగ మీద ముక్కలతోసహా రెండు నిమిషాలు ఉంచి కుదపాలి. అంటుకున్న తడి ఆవిరైపోతుంది. ముద్ద నీళ్లోడకుండా గట్టిగా, నున్నగా రావడానికి ఇది ముఖ్యం. వేడి తగ్గకముందే పప్పుగుత్తితో మెదపాలి. చల్లారాక మెదిపితే ఉండలు కడుతుంది. పని త్వరగా అవుతుందని మిక్సీలో వేస్తే జిగురుగా సాగుతుంది. పప్పుగుత్తికి ఉన్న గుణం యంత్రానికి లేదు.

వేరే గిన్నెలో నూనె వేసి మినపప్పు, శెనగపప్పు, ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కరివేపాకు, ఇంగువ పోపు పెట్టాలి. అందులో సన్నగా తరిగిన బచ్చలి ఆకు, లేత కాడలు, పచ్చిమిరప వేసి మగ్గనిచ్చి, పలుచని చింతపండు పులుసు పోసి దగ్గర పడనివ్వాలి. దానిలో కంద ముద్ద, ఉప్పు కలిపి, సెగ తగ్గించి కొబ్బరిపాలు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాలి. పాలు పోశాక తెర్లనివ్వకూడదు, విరుగుతాయి. కూర గరిటె జారుగా, మెరుస్తూ ఉండగా దించేయాలి.

ఆవ పెట్టడం ఆఖరున

ఉత్తరాంధ్ర కూరకు ప్రాణం ఆవ. మిగతా ఆవాలను, రెండు ఎండుమిరపకాయలను అరగంట నానబెట్టి, చిటికెడు ఉప్పు, చన్నీళ్లతో రోట్లో మెత్తగా నూరాలి. ఆవాలను తడి చేసి నూరినప్పుడే ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. సెగ తగిలితే ఆ ఘాటు పోతుంది. అందుచేత కూర దించి, కాస్త వేడి తగ్గాక ఆవ కలిపి మూత పెట్టాలి. గంట ఊరితే రుచి. పూట గడిస్తే ఇంకా రుచి అనేవారూ ఉన్నారు. అయితే కొబ్బరిపాలు పోసిన కూర ఎండాకాలంలో త్వరగా పులుస్తుంది. రాత్రికి మిగల్చకుండా పూటకు తగినంతే చేసుకోవడం మంచిది.

మనకొక్కరికే కాదు

దుంపను ఉడికించి, వేడిమీద మెదిపి, కమ్మని పదార్థమొకటి కలిపి అన్నం పక్కన పెట్టుకోవడం మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగు పెడితే ఉడికిన బంగాళాదుంపను పచ్చి ఆవనూనె, ఉల్లి, పచ్చిమిరపతో చేత్తో మెదిపి ఆలూ చకటా అంటారు. చద్దన్నంలోకి అది జత. ఇంకా పైకి పోతే బెంగాల్లో మన కందనే ఓల్ అంటారు. దాన్ని ఉడికించి ఆవనూనె, ఆవముద్ద, పచ్చిమిరపతో మెదిపి ఓల్ భాతే చేసుకుంటారు. మన జిల్లా నుంచి రైల్వే కొలువులకు వెళ్లి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రెండు రుచులూ ఎదురుపడేవే. హౌరా - చెన్నై రైలుమార్గం పొడుగునా కందకు, ఆవకు చుట్టరికం ఉన్నదన్నమాట.

ఇంగ్లండులో బంగాళాదుంపను వార్చి మెదిపి పాలు, వెన్న కలుపుతారు. మన కొబ్బరిపాలు చేసే పనే అక్కడ పాలు, వెన్న చేస్తాయి. హవాయి దీవుల వారు చేమను ఉడికించి రాతి పొత్రంతో దంచి పోయి అనే ముద్ద చేస్తారు. నైజీరియాలో మన పెండలం జాతి దుంపను ఉడికించి రోట్లో దంచి, పులుసుతో తింటారు. దుంప మారినా, దేశం మారినా, మెత్తగా ఉడకాలి, వేడిమీద మెదపాలి అన్న రెండు సూత్రాలు మారలేదు.

కిడ్నీ రోగి ఉన్న ఇంట్లో

దుంపలు, ఆకుకూరలు, పండ్లు, కొబ్బరి వీటన్నిటిలో పొటాషియం అనే ఖనిజ లవణం ఉంటుంది. ఆరోగ్యవంతులకు ఇది మేలు చేసేదే. ఎక్కువైనది కిడ్నీలు మూత్రంలో పంపేస్తాయి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో అది బయటకు పోక రక్తంలో పేరుకుంటుంది. రక్త పరీక్షలో ఇది సాధారణంగా మూడున్నర నుంచి అయిదు మధ్య ఉండాలి. బాగా పెరిగితే కాళ్లు చేతులు సత్తువ తప్పుతాయి, గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. ముందుగా ఏ సూచనా లేకుండానే ఇది ముంచుకురావచ్చు. అందుకే డాక్టర్లు దుంపల విషయంలో అంత గట్టిగా చెబుతారు.

పొటాషియం నీటిలో కరుగుతుంది. చిన్న ముక్కలు కోసి, నిండు నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసి, మళ్లీ కొత్త నీటిలో ఉడికించి పారబోస్తే దుంపలో పొటాషియం చాలావరకు తగ్గుతుంది. రాత్రంతా చన్నీళ్లలో నానబెడితే చాలనే నమ్మకం కొందరిలో ఉంది. దుంపల విషయంలో నానబెట్టడం వల్ల తగ్గేది స్వల్పం. రెండు సార్లు ఉడికించి వార్చడమే అంతకన్నా బాగా పనిచేస్తుంది.

అయితే ఎన్ని వార్పులు చేసినా పొటాషియం పూర్తిగా పోదు. కనుక రెండుసార్లు వార్చాం గదా అని రోగికి కడుపునిండా పెట్టరాదు. ఎంత పెట్టవచ్చు, వారానికి ఎన్నిసార్లు, అసలు పెట్టవచ్చా అన్నది ఆ రోగి రక్త పరీక్షనుబట్టి డాక్టరు చెప్పాలి. జబ్బు తొలి దశలో ఉన్నవారందరికీ ఈ పథ్యం ఉండకపోవచ్చు. డయాలసిస్ చేయించుకునేవారికి మాత్రం సాధారణంగా ఉంటుంది. పక్కింటి రోగికి చెప్పిన పథ్యం మన ఇంటి రోగికి వర్తించదు. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. పరీక్షలకు వెళ్లినప్పుడు మందుల సంగతితోపాటు తిండి సంగతి కూడా అడిగి రాసుకుని రావాలి. వండేవారు వెంట వెళ్తే ఇంకా మంచిది.

రోగికి వేరే గిన్నె

ఇంట్లో ఒకరికి జబ్బుంటే అందరికీ చప్పిడి కూడు అక్కరలేదు. రోగికి రోజూ వేరుగా వండి, ఆయన్ను గాని ఆమెను గాని విడిగా కూర్చోబెట్టి బాధపెట్టనూ అక్కరలేదు. రెండో వార్పు అయి, ముద్ద మెదిపాక, బచ్చలి, చింతపండు, కొబ్బరిపాలు తగలకముందే డాక్టరు చెప్పిన మేరకు రోగి వాటా తీసి పక్కన పెట్టాలి. బచ్చలి, చింతపండు, కొబ్బరి మూడింటిలోనూ పొటాషియం ఉంది. రోగి వాటాలో కొద్దిగా నూనె పోపు, కరివేపాకు, రెండు నిమ్మచుక్కలు, కాస్త ఆవ చాలు. నిమ్మచుక్క వల్ల, ఆవ ఘాటు వల్ల ఉప్పు తగ్గించినా చప్పగా అనిపించదు. అందరితోపాటే కూర్చుని, ఆ కూరే తిన్నామన్న తృప్తి రోగికి ఉంటుంది.

ఉప్పు తగ్గించమన్నారని బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొని తెస్తున్నవారు జాగ్రత్త పడాలి. అటువంటి ఉప్పుల్లో సోడియం బదులు పొటాషియం క్లోరైడు కలుపుతారు. కిడ్నీ రోగికి అది మామూలు ఉప్పుకన్నా ప్రమాదం. డాక్టరును అడగకుండా వాడరాదు.

కుక్కరుతో వచ్చిన చిక్కు

కట్టెల పొయ్యి రోజుల్లో అన్నానికి గంజి వార్చినట్లే దుంపకూ నీరు వార్చేవారు. గ్యాసు పొయ్యి, కుక్కరు వచ్చాక అన్నం వార్చడం తగ్గింది. దానితోపాటే దుంప వార్చడమూ మరుగున పడుతోంది. కుక్కరు లోపలి గిన్నెలో రెండు గరిటెల నీరు పోసి కంద పెడితే ముక్క మెత్తబడుతుందే గాని, అందులోని పొటాషియం ఎక్కడికీ పోదు. ఆవిరి మీద ఉడికించినా, నూనెలో వేయించినా, నిప్పుల మీద కాల్చినా అంతే. కుక్కరు వాడకూడదని కాదు. వాడినా ముక్కలు మునిగేలా నీరు పోసి, ఆ నీరు వార్చి, మరోసారి వేరే నీటిలో ఉడికించి వార్చాలి.

మరొక పొరపాటు కూడా ఉంది. వార్చిన నీటిలో సారముందని చారులోనో, పులుసులోనో పోసేవారున్నారు. ఆరోగ్యవంతుల ఇంట్లో, దురద లేని కందైతే అది వారి ఇష్టం. రోగి ఉన్న ఇంట్లో ఆ నీరు ఏ వంటలోనూ కలపరాదు. ఏ చేటు పోవాలని వార్చామో ఆ చేటునే చారు గిన్నెలో తిరిగి పోసినట్లవుతుంది. చల్లార్చి మొక్కల మొదట పోయడం ఉత్తమం.

ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నవారు ఇదంతా చదివి కంద మానేయనక్కరలేదు. కందలో పీచు ఉంది, కడుపు నింపే పిండి పదార్థం ఉంది, వారికి పొటాషియం మంచిదే. ఈ సంక్రాంతికి దుంప తవ్వగానే ఒక పెద్ద గిన్నె నిండా నీరు ఎక్కించండి. చిన్న ముక్కలు కోయండి. వార్చండి. రోగి ఉంటే రెండోసారీ వార్చి, ఆ వాటా ముందుగా తీసి పెట్టండి. ఆవ ఆఖరున కలపండి. ఈ వరుస కొత్త కోడళ్లకు, వంట నేర్చుకుంటున్న కొడుకులకు కూడా చెప్పండి. ఉద్దానం ఇళ్లలో ఇది రుచి మాట ఒక్కటే కాదు, ఒక మనిషి ప్రాణం మాట కూడా.